తెల్లకంకి చూశాక మందు కొడుతున్నారా? పోయేది పురుగు కాదు.. రైతుకు సాయం చేసే ఈగలే!

కృష్ణా డెల్టాలో వరి రైతుకు కంటి మీద కునుకు లేకుండా చేసేది కాండం తొలుచు పురుగు. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ.. ఎక్కడైనా పిలక దశలో మొవ్వు ఎండినా, ఈనిక దశలో తెల్లకంకులు వచ్చినా ఎక్కువగా దీని పనే. తెల్లకంకి కనపడగానే చాలామంది స్ప్రేయర్ భుజానికేసుకుని పొలానికి పరిగెడతారు. కానీ అప్పటికే ఆలస్యమైపోతుంది. ఎందుకంటే..

పురుగు లోపల.. మందు బయట

తల్లి పురుగు ఆకు కొనల దగ్గర గుడ్లు పెట్టి, పైన నూగు కప్పేస్తుంది. దాదాపు వారంలో పిల్ల పురుగులు బయటికొచ్చి కాండంలోకి దూరిపోతాయి. ఇక పైనుంచి కొట్టే మందు వాటిని చేరడం కష్టం. ఎండిన కంకిలో మళ్లీ గింజ కట్టదు. ఖర్చు మాత్రం మిగులుతుంది.

పురుగును వెతుక్కుంటూ వెళ్లే ఈగ

మందు చేరని చోటికి వెళ్లే ఈగ ఒకటుంది. పేరు స్టర్మియాప్సిస్ ఇన్ఫరెన్స్. చూడ్డానికి ఇంట్లో వాలే ఈగలాగే ఉంటుంది, ఒంటి మీద మాత్రం బిరుసు వెంట్రుకలు. చెరకును తొలిచే పీక పురుగు, చెరకుతో పాటు వరినీ తొలిచే గులాబీ రంగు పురుగు దీని టార్గెట్. పురుగు విసర్జన వాసన పట్టి రంధ్రం దగ్గరికొస్తుంది. అక్కడ గుడ్లు కాదు, నేరుగా పిల్లల్నే వదులుతుంది. అవి లోపలికి పాకి, పురుగు ఒంట్లో దూరి, దాన్ని తినేసి చంపుతాయి. కోయంబత్తూరులోని చెరకు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఈ ఈగను ల్యాబ్‌లో పెంచి పరిశోధించారు. ఇలాంటిదే అమెజాన్ ఈగ. దాన్ని 1930ల్లోనే బ్రిటిష్ గయానా చెరకు తోటల్లో వదిలారు.

మరి వరిలో?

వరిలో ఎక్కువ నష్టం చేసే పసుపు రంగు కాండం తొలుచు పురుగును గుడ్డు దశలోనే ఆపేది ట్రైకోగ్రామా జపానికమ్. ఇది ఈగ కాదు, కందిరీగ జాతి. చీమకన్నా చిన్నది. పురుగు గుడ్డులోనే తన గుడ్డు పెడుతుంది. దీంతో పురుగు పుట్టకముందే ఖతం! ట్రైకో కార్డుల రూపంలో పొలంలో కట్టేది దీన్నే.

రైతులు ఏం చేయాలి?

నారు కొనలు తుంచి నాటితే గుడ్లు చాలావరకు పోతాయి. నిఘా కోసం ఎకరాకు 3 లింగాకర్షక బుట్టలు పెట్టాలి. చదరపు మీటరుకు ఒక తల్లి పురుగో, ఒక గుడ్ల సముదాయమో, లేదా 5 శాతం ఎండిన మొవ్వులో కనిపిస్తేనే మందు గురించి ఆలోచించాలి. కార్డులు కట్టాక కొన్ని రోజులు మందు కొట్టొద్దు. కొడితే కట్టిన డబ్బు కూడా దండగే. కార్డులు ఎప్పుడు, ఎన్ని కట్టాలో రైతు సేవా కేంద్రంలో అడిగి తెలుసుకోవడం మంచిది.