పంపు గాలి పడుతున్నదా? లోపమును మీరే కనుగొనవచ్చును

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతముల రైతునకు నీటి విలువ ఒకరు చెప్పనక్కరలేదు. వాన తక్కువ, రాతి నేల ఎక్కువ. బావిలో ఊరిన నాలుగు నీళ్ళే మిరపకు, కూరగాయలకు ఆధారము. అట్టిచోట పంపు సరిగా పోయకున్న, రైతు మొదట అనుమానించునది బావిని. ఊట తగ్గినదని కొందరు బావి దింపింతురు. మోటారు చాలలేదని కొందరు పెద్దది కొందురు. కాని అనేక పర్యాయములు లోపము బావిలోను ఉండదు, మోటారులోను ఉండదు. సక్షన్ పైపు అతుకులో వెంట్రుకవాసి సందు ఉండును.

రాచర్ల వైపు ఒక గ్రామమున ఒక రైతు నన్ను తన బావి వద్దకు తీసుకొనిపోయెను. అర ఎకరము మిరప వాడుముఖము పట్టియున్నది. పంపు పది నిమిషములు పోసి, ధార పలుచబడి, ఆగిపోవుచున్నది. “నీళ్ళు లేవు సార్, బాయి దించాల్సిందే” అని ఆయన మనుషులకు బయానా కూడ ఇచ్చియుండెను. తొంగిచూడగా ఫుట్ వాల్వు మీద ఇంకను నాలుగడుగుల నీరున్నది. నీరుండగా పంపు వదలుట ఏమి? ఇంటినుండి ఊదువత్తి ఒకటి తెప్పించి, పంపు నడుచుచుండగా ఒక్కొక్క అతుకు వద్ద పట్టి చూచితిమి. బెండు వద్దకు వచ్చుసరికి పొగ లోనికి పోయెను. అక్కడి రబ్బరు వాషరు ఎండి పగిలియున్నది. కొత్తది వేయగా ఆ సాయంకాలమే మిరపకు నీరు పారినది.

లోపము కంటికి ఏల కనబడదు?

డెలివరీ పైపునకు చిల్లు పడినచో నీరు బయటికి చిమ్మును, పిల్లవాడైనను చూపగలడు. సక్షన్ పైపు సంగతి వేరు. పంపు తిరుగునపుడు ఆ పైపులో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికంటె తగ్గును. అప్పుడు బావి నీటిపై నున్న గాలి బరువే నీటిని పైపులోనికి నెట్టును. ఈ గాలి బరువును 1643లో ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు టొరిసెల్లీ పాదరసముతో నిరూపించెను. అది సుమారు 34 అడుగుల నీటిని మాత్రమే నిలుపగలదు. పైపు రాపిడి మొదలగు నష్టములు పోగా, నీటి మట్టమునకు పంపు 20 అడుగుల ఎత్తులోపల నుండుట మేలు.

ఈ పైపునకు సందు పడినచో నీరు బయటికి రాదు, గాలి లోనికి పోవును. కొబ్బరిబొండము త్రాగు గొట్టమునకు చిల్లున్న నోటికి గాలియే వచ్చునుగాని నీరు రాదు గదా! పంపు పనియు అంతే.

గుర్తులు

ధార ఒకేతీరున పడక తెగితెగి పడును. నీటిలో బుడగలు కలిసి పాలవలె తెల్లగా కనిపించును. పంపులో గులకరాళ్ళు దొర్లినట్లు చప్పుడగును. నీరు పోసి నడిపిన కొద్దిసేపటికే పంపు వదలివేయును.

వెదకు పద్ధతి

1. ముందు బావిని చూడుడు. ఫుట్ వాల్వు కనీసము రెండు, మూడు అడుగులు మునిగియుండవలెను. నీటిపై సుడి కనిపించిన, గాలి అచటినుండియే పోవుచున్నదని తెలియవలెను. జల్లెడకు ఆకు, పాచి పట్టినను ధార తగ్గును.

2. పంపును ఆపి, డెలివరీ పైపు వాల్వు మూసి, గరాటు నిండువరకు నీరు పోయుడు. ఇపుడు సక్షన్ పైపులో నీటి బరువు బయటికి నెట్టును. సందున్నచోట చెమ్మ ఊరును. అతుకులన్నియు పొడిగానుండి గరాటులో నీరు దిగిపోవుచున్న, దోషము ఫుట్ వాల్వుది.

3. అప్పటికిని తెలియకున్న, పంపు నడుచుచుండగా ఊదువత్తిని ఒక్కొక్క అతుకు వద్ద పట్టుడు. పొగ లోనికి వంగినచోట సందున్నది. గాలి వీచు వేళ పొగ నిలువదు. అపుడు సబ్బు నురుగు పూయుడు. సందున్నచోట నురుగును లోనికి పీల్చును.

4. గ్లాండుపై కొంచెము నీరు పోయుడు. వెంటనే ధార బలపడినచో గాలి గ్లాండునుండి పోవుచున్నది. గ్లాండునుండి బొట్టుబొట్టుగా నీరు కారుట దోషము కాదు. బొత్తిగా పొడిగానుండుటయే దోషము.

5. అనుమానమున్న అతుకుపై తడి బంకమన్ను మెత్తుడు. ధార సరియైనచో దొంగ దొరికినట్లే. అయితే మన్ను పరీక్షకే గాని మరమ్మతు కాదు.

మరమ్మతు

ఫ్లాంజికి కొత్త వాషరు వేయుడు. వాషరు రంధ్రము పైపు రంధ్రముకంటె చిన్నది కారాదు. బోల్టులను వరుసగా గాక ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా బిగింపవలెను. మరలున్న అతుకునకు టెఫ్లాను టేపు చుట్టవలెను. గ్లాండు తాడును కట్టలుగా కోసి, కొసలు ఒకేచోట పడకుండ వేయవలెను. సక్షన్ పైపు బావినుండి పంపువరకు క్రమముగా ఎత్తుకు పోవలెను. నడుమ మూపురమున్న అచట గాలి చేరును. పైపు బరువు పంపుపై వ్రేలాడనీయరాదు.

జాగ్రత్తలు

తిరుగు బెల్టు దగ్గరకు పైపంచె, చీర కొంగు పోనీయరాదు. తడిచేతులతో స్టార్టరు ముట్టరాదు. బిగించుపని ఏదైనను కరెంటు తీసిన పిదపనే చేయవలెను. బావి లోపలి గుంటలో ఆయిల్ ఇంజను నడుపరాదు. దాని పొగలోని విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు, ప్రాణము తీయును. చాలకాలము మూసియున్న బావిలోనికి ఒంటరిగా దిగరాదు.

ఇంజనులకును ఇదే సూత్రము

బోరులో నీటి క్రింద నుండు సబ్‌మెర్సిబుల్ పంపు నీటిని పైకి నెట్టును గనుక దానికి ఈ సక్షన్ పైపు బాధ లేదు. కాని ట్రాక్టరునకు కలదు. గాలి వడపోత డబ్బాకును ఇంజనుకును నడుమ రబ్బరు గొట్టము చీలినచో, పొలములోని దుమ్ము వడపోత లేకుండ లోనికి పోయి సిలిండరును అరగదీయును. పెట్రోలు కారులో గాలి గొట్టము చీలినచో, నిలిపియుంచినపుడు ఇంజను ఒకేతీరున తిరుగక హెచ్చుతగ్గులగును. బుస్సుమను చప్పుడు వినవచ్చును. ఇంజను ఆపి గొట్టములను వంచి చీలికలు చూడవలెను. పెట్రోలు ఇంజను వద్ద ఊదువత్తి వెలిగించుటగాని, సందు వెదకుటకు పెట్రోలు చల్లుటగాని ఎన్నడును చేయరాదు.

బావి దింపుటకు వేలు కావలెను. వాషరునకు కొద్ది రూకలు చాలును. కావున ఈసారి ధార తగ్గినచో, గడ్డపారకు ముందు ఊదువత్తి చేతబట్టుడు.