పొలమునుండి పోవునది, పొలమునకు రావలసినది

సేద్యము చేయువానికి రెండు లెక్కలు తెలిసియుండవలెను. ఒకటి రూపాయల లెక్క. అది మన సహకార సంఘపు పుస్తకములలో వ్రాయబడుచునే యున్నది. రెండవది మట్టి లెక్క. దానిని వ్రాయు గుమాస్తా యెవ్వడును లేడు. పైరు ప్రతి సంవత్సరమును నేలనుండి కొంత సొత్తు తీసికొనిపోవుచుండును. ఆ సొత్తేమి, అది యెచ్చటికి పోవుచున్నది, అందు మరల వచ్చునదెంత, రానిదెంత యను సంగతులను కళింగపట్నపు చుట్టుపట్ల వంశధార క్రింద సేద్యము చేయు సభ్యులకు తెలియజేయుటకై యీ వ్యాసము వ్రాయుచున్నాను.

మొక్క దేనితో పెరుగును?

మొక్క మట్టిని తిని పెరుగునని పూర్వమనేకులు తలచిరి. యూరపు ఖండమున వాన్ హెల్మంట్ అను వైద్యుడు దీనిని పరీక్షింపదలచి, ఎండబెట్టి తూచిన 200 పౌనుల మట్టిని తొట్టిలో పోసి, అందు 5 పౌనుల మొక్కనొకదానిని నాటి, అయిదేండ్లు వాననీరు మొదలగు శుద్ధమైన నీటిని మాత్రమే పోయుచు వచ్చెను. చెట్టు 169 పౌనులు తూగినది. మట్టిని మరల నెండబెట్టి తూచగా తఱిగినది రెండు ఔన్సులు మాత్రమే! ఈ పరీక్ష ఆయన మరణించిన పిమ్మట 1648లో అచ్చుపడినది. చెట్టు కేవలము నీటితోనే పెరిగినదని ఆయన నిర్ణయించెను. అది సగము నిజము. మిగిలిన సగము తరువాతివారు కనుగొనిరి. మొక్క గాలియందలి బొగ్గుపులుసు గాలిని ఆకులతో గ్రహించి, వేళ్లు తెచ్చిన నీటితో కలిపి, ఎండ బలముచేత చక్కెరగను, పిండిగను, నారగను మార్చుకొనుచున్నది. మన వరిగింజలోని పిండియు, గోగునారయు, కొబ్బరిలోని నూనెయు మొదట గాలియు నీరునై యుండినవే.

అట్లయినచో ఆ రెండు ఔన్సుల మాటయేమి? రైతు లెక్క యంతయు వానిలోనే యున్నది. భాస్వరము, పొటాషు, సున్నము మొదలగునవి గాలిలో దొరకవు, మట్టినుండియే రావలెను. నత్రజని గాలిలో ఐదింట నాలుగు పాళ్లవఱకు ఉన్నను, వరిమొక్క దానిని గాలినుండి తీసికొనజాలదు. ఇవి తూకమునకు స్వల్పములే. అయినను కూరలో ఉప్పువలె, ఇవి కొఱతపడినచో తక్కినవన్నియు ఎంత యుండియు ప్రయోజనము లేదు.

శక్తి పోవు త్రోవ

ఎండనుండి మొక్క దాచుకొనిన బలమునకు శక్తి యని పేరు. పొలముపై బడు ఎండలో నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే పైరులో నిలుచును. ఆ గడ్డిని మేసిన యెద్దు దున్నుటకును, నడచుటకును, ఒంటి వెచ్చదనమునకును అందులో చాలభాగమును ఖర్చుపెట్టును. అట్లు వేడియై పోయిన శక్తి మరల రాదు. కాలిన కట్టెను మరల కాల్చుట యెవరితరము?

మన సముద్రములో ఈ సంగతి మఱింత స్పష్టముగా కనబడును. వంశధార సముద్రమున కలియుచోట నీటియందు కంటికి కనబడనంత చిన్న పచ్చని మొక్కలు కోట్లకొలది పెరుగును. వానిని అతిచిన్న జంతువులు, ఆ జంతువులను చిన్నచేపలు, చిన్నచేపలను వంజరము వంటి పెద్దచేపలు తినును. ఒక్కొక్క మెట్టు ఎక్కునప్పటికి సుమారు పదింట నొకపాలు మాత్రమే పై మెట్టునకు చేరును. అనగా వేయి కిలోల మొక్కలనుండి నూఱు కిలోల చిన్న జంతువులు, వానినుండి పది కిలోల చిన్నచేపలు, వానినుండి ఒక్క కిలో వంజరము. వంజరము చిన్నచేపలకన్న తక్కువగా దొరకుటకు ఇది యొక ముఖ్యకారణము.

ఇట్లు శక్తి ఒకేదిక్కునకు పోవును. అయినను దానికై మనము చింతింపనక్కఱలేదు. సూర్యుడు రేపు మరల ఉదయించును. పోయినదానికి బదులు క్రొత్త శక్తి ఉచితముగా వచ్చును.

పదార్థము తిరుగు చక్రము

పదార్థపు రీతి వేఱు. అది ఖర్చుకాదు; చేతులు మారుచుండును. పెరిగిన యెద్దు మేతతో తీసికొన్న నత్రజని, భాస్వరము, పొటాషులలో ముప్పాతికకు పైగా పేడయందును మూత్రమునందును మరల వెలికివచ్చును. శక్తిని వాడుకొని పదార్థమును తిరిగి యిచ్చుటయే జీవుల పద్ధతి.

ఈ పద్ధతి మన శరీరములోని ప్రతి కణమునందును జరుగుచున్నదని చూపినవారిలో మన తెలుగువాడొకడు కలడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డు వైద్యకళాశాలలో ఫిస్కే అను ఆచార్యునితో కలిసి పనిచేయుచు, 1925లో శరీరద్రవములందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ఆ పద్ధతి సాయమున 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అను పదార్థమును కండరములలో గుర్తించిరి. జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును అదే కాలమున వేఱుగా దానిని కనుగొనెను. ఈ పదార్థము భాస్వరముతో గూడిన మూడు ముక్కల గొలుసును మోయుచుండును. చివరి ముక్క విడినప్పుడు శక్తి వెలువడి కండ కదలును. తిన్న యన్నమునుండి వచ్చు శక్తితో ఆ ముక్క మరల అతుకుకొనును. శరీరములో ఇది కొంచెమే యుండి, దినమునకు వందలసార్లు విడుచు కూడుచుండును. శక్తి వచ్చి పోవుచుండును. భాస్వరము అక్కడనే నిలిచి మరలమరల పనిచేయును. సంఘపు మూలధనము ఒక సభ్యునివద్దనుండి వేఱొకనికి అప్పుగా పోవుచు, వాయిదాకు తిరిగి వచ్చుచు, అందఱికిని ఉపయోగపడుట ఇట్టిదే కదా!

టెక్కలి దాపున తేలినీలాపురమునకు ఏటేట వచ్చు గూడకొంగలును, రంగుకొంగలును ఇదే పని చేయుచున్నవి. అవి చిత్తడినేలలలో చేపలను పట్టి తిని, ఊరి చెట్లపై గూళ్లు కట్టి, క్రింద రెట్టలు వేయును. నీటిలోని చేపకు చేరిన నత్రజని, భాస్వరములు ఇట్లు మరల గట్టునకు వచ్చుచున్నవి.

చక్రము తెగు చోట్లు

ఎకరమునకు 20 క్వింటాళ్ల ధాన్యము పండినదనుకొందము. గింజయు గడ్డియు కలిసి నేలనుండి సుమారు 30 మొదలు 40 కిలోల నత్రజనిని, 6 కిలోల భాస్వరమును, 30 మొదలు 40 కిలోల పొటాషును తీసికొనును. ఇందు నత్రజని, భాస్వరములలో ఎక్కువపాలు గింజలోను, పొటాషులో ఐదింట నాలుగు పాళ్లు గడ్డిలోను ఉండును. ధాన్యము అమ్మకతప్పదు, దానితో పోయినది పట్టణమునకు చేరి మరల మన పొలమునకు రాదు. ఇది తప్పని నష్టము.

తప్పించుకొనదగిన నష్టములు మూడు కలవు. కోతయంత్రము విడిచిన గడ్డిని మడిలోనే కాల్చినచో నత్రజని ఇంచుమించు అంతయు పొగతో పోవును. పొటాషు బూడిదలో మిగిలినను గాలికిని వానకును కొంత పోవును. రెండవది, గత్తమును పిడకలుగా చేసి కాల్చుటయు, ఎండలో కుప్పవేసి యుంచుటయు. మేతతో వచ్చిన నత్రజనిలో పెద్దభాగము పేడకన్న మూత్రముననే యుండగా, దానిని శాలలోనే ఇంకిపోనిచ్చుచున్నాము. మూడవది, గట్లు తెగి పైమట్టి కొట్టుకొనిపోవుట. ఆ మట్టి కాలువలోబడి, నదిలోబడి, కళింగపట్నమువద్ద సముద్రము చేరును. అది సముద్రపు మొక్కలకు మేతయే యగును గాని, వల వేసి తెచ్చు చేపలతో మనకు మరల దక్కునది అత్యల్పము.

ఈ నష్టములను కొనుగోలు ఎరువులతో పూడ్చుకొందుమని కొందఱనవచ్చును. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా నత్రజని యున్నది. కాని భాస్వరము గాని పొటాషు గాని బొత్తిగా లేదు. ఏటేట యూరియా మాత్రమే వేయు పొలము ఆ రెండింటిని మూలధనమునుండి తినుచున్నదని గ్రహింపవలెను. మన దేశమునకు వలయు పొటాషు ఇంచుమించు అంతయు, భాస్వరపు రాయిలో అధికభాగమును ఓడలమీద విదేశములనుండియే రావలసియున్నవి. వాని వెల మన చేతిలో లేదు.

చేయవలసిన పనులు

ఒకటి: గత్తమును గోతిలో పొరలుపొరలుగా నింపి, పైన మట్టి కప్పి, ఎండవానలు తగులనీయకుండ కాపాడవలెను. పశువుల క్రింద గడ్డి, ఆకు, పొడిమట్టి పఱచి, మూత్రముతో తడిసిన తరువాత గోతిలో వేయవలెను. బాగుగా చివికిన గత్తము ఒక టన్నులో సుమారు 5 కిలోల నత్రజనియు, దానితోపాటు భాస్వరము, పొటాషులును ఉండును. అది యూరియావలె వెంటనే పనిచేయక మెల్లమెల్లగా పైరునకు అందును. అందుచే రెండవ పంటకును కొంత మిగులును.

రెండు: మిగిలిన గడ్డిని కాల్చక పశువులకు మేపుటయో, గోతిలో వేయుటయో, దమ్ములో కలియదున్నుటయో చేయవలెను. దమ్ములో కలిపినప్పుడు అది చివుకుటకు కొన్ని వారముల వ్యవధి ఉంచి నాట్లు వేయవలెను.

మూడు: గాలిలోని నత్రజనిని పొలములోనికి దింపవలెను. చిక్కుడుజాతి మొక్కల వేళ్లబుడిపెలలోని సూక్ష్మజీవులు ఈ పని చేయునని 1886లో జర్మనులైన హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనువారు తెలియజేసిరి. నాట్లకు ముందు జీలుగను, జనుమును చల్లి, సుమారు 45 దినములకు పూతదశలో కలియదున్నవలెను. సముద్రపు దాపుననున్న ఉప్పునేలలకును, చౌడునేలలకును జీలుగ తగినది. వరి కోతకు ముందు చల్లిన పిల్లిపెసర పశువులకు మేతయు, నేలకు ఎరువును కూడ నగును.

నాలుగు: మట్టిపరీక్ష చేయించి, ఏది కొఱతయో తెలిసికొని, దానిని మాత్రము కొనవలెను. భాస్వరము, పొటాషులు సృష్టింపబడునవి కావు. గత్తము, పచ్చిరొట్టలు ఉన్నవానిని త్రిప్పి యిచ్చునుగాని, ధాన్యముతో పోయినవానిని పూర్తిగా పూడ్చలేవు. అంతమట్టుకు కొనుగోలు తప్పదు.

సభ్యులకొక మనవి. ఇంటనున్న చిన్నపుస్తకములో ఒక పుట విడిచి, ఎడమవైపున పొలమునుండి పోయిన ధాన్యపు బస్తాలను, గడ్డిమోపులను, కుడివైపున పొలమునకు తోలిన గత్తపు బండ్లను, ఎరువుల బస్తాలను, కలియదున్నిన పచ్చిరొట్టను ఏటేట వ్రాసియుంచుడు. చదువు రాని పెద్దలు పిల్లలచేత వ్రాయింపవచ్చును. మూడు పంటల లెక్క చూచినచో, మీ పొలము ఋణగ్రస్తమగుచున్నదో నిలదొక్కుకొనుచున్నదో మీకే తెలియును. ఆ పుటను సంఘపు సమావేశమునకు తెచ్చినచో, ఏ మడికి ఏమి కావలెనో కలిసి ఆలోచించి, ఎరువులు తెప్పించుకొనుటకు సులువగును.