సొంత విమానం: నంబరొస్తే ఎగరొచ్చా?

ఆదిలాబాద్ సరిహద్దున పెన్‌గంగ దాటితే మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లా. అక్కడి ఫుల్‌సావంగి ఊళ్లో వెల్డింగ్ పని తెలిసిన ఒక యువకుడు సొంతంగా హెలికాప్టర్ తయారుచేశాడు. 2021 ఆగస్టులో దాన్ని నేలమీదే నడిపి చూస్తుండగా తోక రెక్క విరిగి పై రెక్కకు తగిలింది. ఆ పై రెక్క తలకు తగిలి అతను చనిపోయాడు. అంతటి పనితనం, అంతటి పట్టుదల ఉన్న పిల్లలు ఆసిఫాబాద్, కాగజ్‌నగర్ వర్క్‌షాపుల్లోనూ ఉన్నారు. వాళ్ల చెవిన పడే కొన్ని మాటలను ఇప్పుడే సరిచేయాలి.

అపోహ: మనం చేసుకున్నది మన చేనులో ఎగరేస్తే అనుమతి దేనికి?
వాస్తవం: ఎవరు చేశారు, ఎవరి చేను అన్నది చట్టం చూడదు. 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ వాయుయాన్ అధినియమ్ ప్రకారం గ్లైడర్లు, బెలూన్లే కాదు, గాలిపటాలూ విమానాల కిందికే వస్తాయి.

అపోహ: మన దేశ విమానాలకిచ్చే వీటీ రిజిస్ట్రేషన్ నంబరు వస్తే ఇక ఎగరొచ్చు.
వాస్తవం: ముంబయి పైలట్ అమోల్ యాదవ్ ఇంటి డాబా మీదే ఆరు సీట్ల విమానం కట్టారు. 2016లో ‘మేక్ ఇన్ ఇండియా’ ప్రదర్శనలో పెట్టారు. 2017లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దానికి వీటీ-ఎన్ఎండీ నంబరిచ్చింది. ఎగిరేందుకు పర్మిట్ వచ్చింది మాత్రం 2019లో. రిజిస్ట్రేషన్ వేరు, ఎగరడానికి పనికొస్తుందన్న పత్రం వేరు.

అపోహ: సర్టిఫికెట్ చేతికొచ్చాక ఇంజిన్ మార్చినా, ట్యాంకు పెంచినా మనిష్టం.
వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదం ఈ మాటతోనే. తనిఖీ రోజున యంత్రం ఎలా ఉందో దానికే ఆ పత్రం చెల్లుతుంది. ఆ రోజు విమానాన్ని మట్టంగా నిలిపి, మూడు చక్రాల కింద మూడు కాటాలు పెట్టి తూస్తారు. ఒక్కో చక్రం మీది బరువును నిర్ణీత గుర్తు నుంచి దాని దూరంతో గుణించి, కూడి, మొత్తం బరువుతో భాగిస్తే గరిమనాభి (సెంటర్ ఆఫ్ గ్రావిటీ) ఎక్కడుందో తేలుతుంది. ఇంజిన్ మారితే ఈ లెక్కంతా మారుతుంది. గరిమనాభి హద్దు దాటి వెనక్కి జరిగితే పైకి లేచిన ముక్కును దించడం ఎంతటి పైలట్‌కైనా కష్టం. మన దేశంలో మార్పులకు ఆమోదం తీసుకోవాల్సిందే.

అపోహ: అమెరికాలో ఈ గొడవలేవీ లేవట!
వాస్తవం: అక్కడ వెసులుబాటు ఎక్కువే, దాని వెనుక షరతులూ ఉన్నాయి. తయారీలో సగానికి పైగా పని చదువుకోసమో సరదాకోసమో చేసే ఔత్సాహికులదే కావాలి. మొదట సాధారణంగా 25 లేదా 40 గంటలు పరీక్షగా ఎగరాలి. పెద్ద మార్పు చేస్తే అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏకు తెలిపి మళ్లీ కనీసం 5 గంటలు పరీక్షించాలి. ఏటా తనిఖీ తప్పదు, డబ్బులు తీసుకుని ప్రయాణికులను ఎక్కించుకోకూడదు.

తమ్ముళ్లూ, మీ డ్రాయింగులు, బరువు లెక్కలు ముందు లైసెన్సున్న విమాన మెయింటెనెన్స్ ఇంజినీరుకు చూపించండి. హైదరాబాద్‌లోని డీజీసీఏ కార్యాలయానికి రాయండి. అంతవరకూ ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు.