ఇంటి కొళాయి
2019లో జల్ జీవన్ మిషన్ ఆరంభమైన పిదప పల్లెలలో చాల యిండ్లకు కొళాయి వచ్చినది. తెలంగాణమున దీనినే నల్లా యందురు. బావి మంచిచెడ్డలు మన పెద్దలెఱుగుదురు గాని గొట్టపు గుణదోషముల నెఱిగినవారు కొలదిమంది.

వీధిగొట్టము ఇంటిలో ప్రవేశించుచోట సాధారణముగా నొక కవాటముండును. దీనిని వాల్వు అందురు. గొట్టము పగిలినచో మొదట దానిని మూయవలెను. గుడ్డలు చుట్టుట తరువాతి మాట. మిద్దెపై తొట్టి యున్నయెడల దాని క్రింది వాల్వును గూడ మూయవలెను, ఏలయన వీధినీరాగినను తొట్టినీరు కారుచునే యుండును. ఏండ్లకొలది కదలింపని వాల్వు బిగిసిపోయి అవసరమునాడు తిరుగదు. కాన ఆఱు మాసములకొకసారి మూసి తెఱచుచుండుడు. ఇంట స్త్రీలకును పిల్లలకును దాని జాడ తెలియవలెను.

కట్టినను కారు కొళాయికి తఱచుగా లోపలి వాషరు అరిగియుండును. దానిని మార్పక బలముగా బిగించినచో మఱింత నలుగును.

అన్నిటికంటె భయంకరమైనది మురుగుకాలువలో మునిగిన గొట్టపు పగులు. నీరు వచ్చునపుడు అది బయటికి కారును. నీరు నిలిచినపుడు మురుగును లోనికి పీల్చును. మఱునాడు మొదటి నీటితో ఆ మురుగు మన బిందెలోనికే వచ్చును. కలరా, టైఫాయిడు ఈ త్రోవనే యిల్లు చొచ్చుచుండును. నీటి రంగు గాని వాసన గాని మాఱినచో వెంటనే పంచాయతీకి తెలుపుడు. బాగుపడువఱకు మరగకాచిన నీటినే త్రాగుడు. కొంత వ్యయమైనను కాలువ దాటుచోట గొట్టమును మురుగునకు పైగా వేయించుడు.