శోధనయంత్రమునకు దొరకని వ్రాతలు

మామిడిపూతను పాడుచేయు తేనెమంచు పురుగునకు నివారణ తెలిసిన విద్యార్థి దానిని అంతర్జాలమున వ్రాసెననుకొందము. రైతు శోధనయంత్రమున ఎంత వెదకినను అది కనబడకపోవచ్చును. ఇందుకు సామాన్యముగా కారణమగు తప్పులు మూడు.

మొదటిది, పురుగు పేరెత్తక "ఒక విన్నపము" వంటి శీర్షిక నిడుట. రెండవది, అదే పేరును ప్రతి వాక్యమునను నిష్కారణముగా గ్రుచ్చుట. 2012లో గూగుల్ సంస్థ "పెంగ్విన్" అను మార్పుచే నిట్టి వ్రాతలను వెనుకకు నెట్టెను. మూడవది, యూనికోడు కాని పాత ఖతులను వాడుట. తెలుగు లిపి 1991లోనే యూనికోడున చేరినది. పాత ఖతుల వ్రాత కంటికి తెలుగే యైనను, యంత్రమునకు అర్థములేని ఆంగ్లాక్షరముల వరుస.

కావున బాలబాలికలారా, విషయమును శీర్షికలోనే తెలుపుడు; యూనికోడున వ్రాయుడు; యంత్రమును మెప్పింపగోరక రైతునకు బోధపడునట్లు వ్రాయుడు. పూత రాలకముందే ఆ మాట ఆతనికి చేరవలెను గదా!