తాడు వదులైతేనే నడక

ఈమధ్య మనవాళ్ళ ఇళ్ళకి భోజనానికి వెళితే, గుమ్మంలో మనుషులకంటే ముందు కుక్కపిల్ల ఎదురొస్తోంది. పిల్లలు రెండేళ్ళు పోరుపెట్టి, మార్కుల మీద ఒట్లు వేసి, పవర్‌పాయింట్ స్లైడ్లు చూపించి మరీ సాధించుకున్న కుక్కపిల్ల. మా ఇంట్లోనూ అదే కథ. పేరు లడ్డు, జాతి లాబ్రడార్. ఇంటికి తెచ్చినప్పుడు ఒళ్ళో ఇమిడిపోయేది. అయితే లాబ్రడార్ పూర్తిగా ఎదిగితే 55 నుంచి 80 పౌన్ల దాకా తూగుతుంది. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, బరువు 60 పౌన్లు. మెడపట్టీ, తాడు సంగతి కుక్క చిన్నగా ఉన్నప్పుడే ఎందుకు చూసుకోవాలో చెప్పడానికి ఈ లెక్క ఒక్కటి చాలు.

పెట్ స్టోర్లో గోడ నిండా కాలర్లే. రంగులు చూసి కొనేస్తాం కానీ ఒక్కోదాని పని ఒక్కోటి. మామూలు బెల్టులాంటి నైలాన్ కాలర్ అసలు పని బిళ్ళలు మోయడం. న్యూజెర్సీలో ఏడు నెలల వయసొచ్చిన కుక్కకి లైసెన్సు ఉండాలి, ఆ బిళ్ళ కాలర్‌కో హార్నెస్‌కో తగిలించి ఉండాలి. దాని పక్కనే మీ ఫోన్ నంబరున్న బిళ్ళ కూడా వేయండి. కాలర్‌కీ మెడకీ మధ్య రెండు వేళ్ళు దూరాలి. కుక్కపిల్ల వారం వారం ఎదుగుతుంది కనుక ఈ రెండు వేళ్ళ పరీక్ష కూడా వారం వారం చేయాల్సిందే. ఆ పని పిల్లలకి అప్పగించండి, ఇష్టంగా చేస్తారు.

నడిపించేటప్పుడు మాత్రం తాడుని హార్నెస్‌కి తగిలించడం మేలు. కుక్క లాగినప్పుడు బరువంతా గొంతు మీద కాకుండా రొమ్ము మీద పడుతుంది. పొమరేనియన్, యార్కీ లాంటి చిన్న జాతుల్లో శ్వాసనాళం బలహీనంగా ఉండడం మామూలే, వాటికి హార్నెస్ తప్పనిసరి అనుకోండి. రొమ్ము దగ్గర కూడా రింగు ఉన్న హార్నెస్ అయితే ఇంకా మంచిది. ముందు రింగుకి తాడు తగిలిస్తే, కుక్క లాగినప్పుడల్లా దాని ఒళ్ళు మనవైపు తిరుగుతుంది. చంకల కింద ఒరుసుకుంటోందేమో మొదటి వారం రోజూ చూడండి.

అదే గోడకి ఇంకో పక్కన ఉరితాడులా బిగుసుకునే గొలుసులు, లోపలికి ఇనుప ముళ్ళున్న కాలర్లు, షాక్ కొట్టే కాలర్లు ఉంటాయి. వీటి జోలికి వెళ్ళొద్దనే నేనంటాను. అవి పనిచేసేది నొప్పితోనో, నొప్పి భయంతోనో. ఆ నొప్పి లాగినందుకని కుక్కకెలా తెలుస్తుంది? సరిగ్గా ఆ క్షణాన ఎదురుగా పక్కింటి పిల్లవాడు సైకిల్ మీద వస్తే, నొప్పికి కారణం ఆ పిల్లవాడే అనుకోవచ్చు. రేపు వాడి మీదే మొరుగుతుంది. జంతువుల ప్రవర్తన మీద పనిచేసే పశువైద్యుల సంఘం, అమెరికన్ వెటర్నరీ సొసైటీ ఆఫ్ యానిమల్ బిహేవియర్, 2021లో విడుదల చేసిన ప్రకటనలో కుక్కలన్నిటికీ బహుమానంతో నేర్పే పద్ధతులే వాడమంది. బ్రిటన్‌లోని వేల్స్ 2010లోనే షాక్ కాలర్ల వాడకాన్ని నిషేధించింది.

మూతి చుట్టూ వేసే హెడ్ హాల్టర్ అని ఇంకోటుంది. ఆరు నెలలకని వచ్చిన మా అమ్మ దాన్ని చూసి, "దీనికి ముకుతాడెందుకురా, ఏమన్నా కోడెదూడా?" అంది. అది ముక్కులోంచి పోదు, నోరూ కట్టేయదు. కానీ తాడు గట్టిగా గుంజితే మెడ పట్టేస్తుంది. పిల్లకుక్కకి ముందుగా కొనాల్సిన వస్తువు కాదు.

తాడు ఆరడుగులది, నైలాన్‌దో తోలుదో చాలు. డబ్బీలోంచి సాగుతూ వచ్చే రకం వద్దు. ఆ సన్నటి తాడు వేళ్ళు కోస్తుంది. అంతకంటే పెద్ద తంటా, లాగితే తాడు ఇంకా వస్తుందని అది కుక్కకి రోజూ పాఠం చెబుతుంది.

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. కుక్క ఎందుకు లాగుతుంది? లాగితే పని జరుగుతోంది కాబట్టి. మా ప్రోగ్రామర్ల భాషలో ఇది రెండు లైన్ల కోడ్. తాడు బిగిస్తే ఆగిపో. తాడు వదులైతే నడువు. మనం చెట్టులా నిలబడిపోవాలి, తిట్టకూడదు, గుంజకూడదు. కుక్క విసుగెత్తి వెనక్కి చూస్తుంది, తాడు వదులవుతుంది, ఆ క్షణాన మళ్ళీ నడక. మన కాలి పక్కన నడిచినంతసేపూ ప్యాంటు కుట్టు దగ్గర చెయ్యి పెట్టి బఠానీ గింజంత ట్రీట్ అందిస్తుండాలి. ఒక్కోసారి ఐదు నిమిషాలు చాలు, రోజుకి మూడు నాలుగుసార్లు. టీకాలు పూర్తయ్యేదాకా, అంటే సుమారు పదహారు వారాల వయసు దాకా, ఇంట్లోనూ పెరట్లోనూ నేర్పుకోవచ్చు. మొదటి రోజుల్లో మా డ్రైవ్‌వే దాటడానికే పావుగంట పట్టింది.

"గుంజితే దూడ నాలుగు కాళ్ళూ నిగడదన్ని నిలబడిపోతుందిరా, గుప్పెడు పచ్చగడ్డి చూపించి నడిపించేవాళ్ళం" అంది అమ్మ. తెనాలి దగ్గర పల్లెలో పెరిగిన మనిషి, ఏ పుస్తకమూ చదవలేదు.

చిక్కల్లా మనుషులతోనే. నేను సోమవారం విమానమెక్కి గురువారం తిరిగొచ్చే కన్సల్టెంటుని. మిగతా రోజుల్లో తాడు పట్టుకునేవాళ్ళు నలుగురు. ముగ్గురు ఆగి, ఒక్కరు మాత్రం స్కూలు బస్సు పోతుందని కుక్క లాగినట్టల్లా పరిగెత్తితే? అట్లాంటిక్ సిటీలో స్లాట్ మెషీన్ ముందు కూర్చున్నవాళ్ళని చూశారా? పదిసార్లకి ఒకసారి డబ్బులు రాలినా లేవరు. కుక్క కూడా అంతే, అప్పుడప్పుడూ ఫలించే లాగుడుని అస్సలు వదలదు. అందుకే మా ఇంట్లో ఒక ఒప్పందం. పాఠం రోజున తాడు ముందు రింగుకి. తొందర రోజున వీపు మీది రింగుకి, ఆ రోజు పాఠం లేనట్టే. ఈ తేడా లడ్డుకి నెలలో తెలిసిపోయింది. అందరికంటే బుద్ధిగా మా అమ్మతో నడుస్తుంది. ఆవిడకి తొందర లేదు, చీర కొంగులో ట్రీట్లు కూడా ఉంటాయి.

పిల్లలూ, మీకొక మాట. తాడుని మణికట్టుకి చుట్టుకోకండి. ఉడుత కనిపించి కుక్క ఉరికితే చెయ్యి విరుగుతుంది. పట్టుగొమ్మలో బొటనవేలు దూర్చి, మిగతా తాడు మడిచి గుప్పిట్లో పట్టుకోండి. జారిపోతే వెంటపడి పరిగెత్తకండి, ఆట అనుకుని ఇంకా పారిపోతుంది. పేరు పెట్టి పిలుస్తూ ఇంటివైపు పరిగెత్తండి, అదే వెనకాల వస్తుంది. పెద్ద జాతి కుక్కైతే హార్నెస్‌కి రెండు తాళ్ళు వేయమనండి, ఒకటి మీ చేతిలో, ఒకటి అమ్మ చేతిలోనో నాన్న చేతిలోనో. జనవరిలో రోడ్డు మీద మంచు గడ్డకట్టిన రోజున మాత్రం రెండు తాళ్ళూ వాళ్ళకే ఇచ్చేయండి.