ఇంట్లో కట్టిన గైగర్ కౌంటర్

1908లో మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్, హాన్స్ గైగర్‌లు ఆల్ఫా కణాలను విద్యుత్తు సాయంతో లెక్కపెట్టే పరికరాన్ని నిర్మించినా, మరుసటి ఏడాది బంగారు రేకు ప్రయోగంలో గైగర్, మార్స్‌డెన్‌లు చీకటిగదిలో కూర్చుని, జింక్ సల్ఫైడ్ తెరకు కణం తగిలినప్పుడల్లా పుట్టే చిన్న మెరుపులను కళ్ళతోనే లెక్కించవలసి వచ్చింది. ఆ కంటిచాకిరీని తప్పించినది 1928లో కీల్ నగరంలో గైగర్, ఆయన శిష్యుడు వాల్టర్ మ్యుల్లర్ రూపొందించిన గొట్టం; బీటా కణాలనూ గామా కిరణాలనూ పట్టగలిగిన ఆ నమూనాయే నేటికీ ఔత్సాహికులు ఇళ్ళలో కట్టుకునే కౌంటర్లకు ఆధారం.

గొట్టం నిర్మాణం చూడబోతే బహు సాదా. లోహపు గొట్టంలో నియాన్ వంటి జడవాయువును తక్కువ పీడనంతో నింపి, నడిమధ్య సన్నని తీగ బిగించి, రెంటికీ మధ్య కొన్ని వందల వోల్టులు పెడతారు. లోపలికి దూసుకొచ్చిన కణం ఒక్క పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టినా చాలు (దీన్నే అయనీకరణం అంటారు), అది తీగవైపు పరుగెడుతూ దారిలోని పరమాణువులను ఢీకొని మరిన్ని ఎలక్ట్రాన్లను విడిపించగా, అవన్నీ కలిసి వెల్లువవుతాయి. స్పీకరులో ‘టిక్కు’మనేది ఆ వెల్లువే. అది వెంటనే ఆరకపోతే తరవాతి కణం లెక్కకు రాదు గనుక, ఆర్పడానికి కొద్దిగా బ్రోమిన్ వంటి హాలోజన్‌ను కలుపుతారు.

ఇంటి తయారీలో చిక్కంతా గొట్టంలో కాక వోల్టేజిలో ఉంది. సోవియట్ కాలపు ఎస్‌బీఎం-20 గొట్టానికి కావలసిన 400 వోల్టులను 555 టైమర్ చిప్పు, ఒక తీగచుట్ట, ట్రాన్సిస్టరు సాయంతో 9 వోల్టుల బ్యాటరీ నుంచే రాబట్టవచ్చు. అయితే మామూలు మల్టీమీటరును తగిలిస్తే, దాని 10 మెగాఓముల నిరోధమే ఆ బలహీనమైన సర్క్యూట్‌కు బరువై, ఉన్న వోల్టేజి పడిపోయి తక్కువగా కనిపిస్తుంది. ఆ అంకెను నమ్మి వోల్టేజి పెంచినవారు గొట్టాన్నే పోగొట్టుకుంటారు. గొట్టం కొసలకు నేరుగా సాల్డరింగ్ చేయడమూ తగదు, వేడికి సీలు చెడవచ్చు. ఫ్యూజు క్లిప్పులే మేలు.

పరీక్షకు పాత పెట్రోమాక్స్ లైటు మాంటిల్ చాలు, అందులో రేడియోధార్మిక థోరియం ఆక్సైడ్ ఉండేది. భీమునిపట్నం తీరపు ఇసుకలోని మోనజైట్ ఖనిజంలో ఉన్నదీ థోరియమే. గొట్టపు ఉక్కు గోడను దాటలేని ఆల్ఫా కణాలు మాత్రం ఈ లెక్కలోకి రావు. ఇక అంకెల విషయానికొస్తే, సగటున నిమిషానికి 20 టిక్కులు వచ్చేచోట ఒక్క నిమిషపు లెక్క 15 కావచ్చు, 25 కావచ్చు. పది నిమిషాలు లెక్కించి సగటు తీస్తే ఆ ఊగిసలాట ఇంచుమించు ఒకటిన్నరకు దిగుతుంది.